సమస్యాపూరణం: “ఆడబిడ్డకు మగపేరె యందమయ్యె”

నిర్వాహకుడు: మా అన్నగారి మనవరాలికి తొట్టెల వేడుక దగ్గరపడింది. ఊరిలో మరెవ్వరికీ లేని పేరు కావాలని తల్లి, నోరు తిరిగే పేరు చాలునని నాయనమ్మ పట్టుబట్టగా, తాతగారు ‘రుద్రదేవ’ అన్నారు. ఆ మాట విన్నప్పటి నుండి ఈ పాదం నన్ను వదలడం లేదు. ఇదే చివరి పాదంగా, మీ మీ కలంపేర్లతో తేటగీతి పూరించండి.

మెట్టుగుట్ట:
గణపదేవుఁడు తన కూఁతుఁ గద్దె నిలుప
రుద్రదేవుఁడంచును బిల్చి రూఢి సేసె;
ఓరుఁగల్లున పాలన మొప్పెఁ గాదె!
ఆఁడబిడ్డకు మగపేరె యందమయ్యె.

పలు శాసనాలు రుద్రమదేవిని రుద్రదేవ మహారాజుగా పేర్కొన్నాయి కనుక తాతగారి ఎంపికకు ఈ నేలమీదనే ప్రమాణం ఉంది.

లక్నవరం: పద్యం నిర్దోషం. అయితే ఈ పాదం చూడగానే ఓరుగల్లులో ఎవరికైనా మొదట తోచేది రుద్రమయే. పైగా ‘గాదె’ గణం నింపడానికే వచ్చింది. నా ప్రయత్నం:

పూవు పేరుతో బారెను పుడమిపట్టి;
వీర సమ్మక్క సుతుడందు వీడె నుసురు;
నాటినుండి జంపన్న నామమాయె;
ఆడబిడ్డకు మగపేరె యందమయ్యె.

మెట్టుగుట్ట: మేడారం దగ్గరి సంపెంగ వాగు సమ్మక్క కొడుకు పేరుతో జంపన్న వాగైన వైనాన్ని ఈ పాదానికి ముడిపెట్టడం గొప్ప ఊహ, మనసారా మెచ్చుకుంటున్నాను. కానీ మూడవ పాదంలో ‘పన్న’ దగ్గర ఇంద్రగణం ఒక గురువు తక్కువై నిలిచిపోయింది. ‘జంపన్నయే’ అంటే సరిపోతుంది. ఇక ‘పుడమిపట్టి’ అనగానే సీతమ్మ మనసులో మెదలడం వల్ల, చెబుతున్నది వాగు గురించి అని తెలిసేలోగా రెండు పాదాలు దాటిపోతున్నాయి. క్రిందటి మారు చెరువుకట్ట సమస్యలోనూ లక్నవరం వారు చెప్పవలసిన పేరును ఇలాగే చివరిదాకా దాచారు.

లక్నవరం: ‘యే’ చేర్చి చదువుకోగలరు. చెరువుకట్ట పద్యంలో పేరు దాచడమే చమత్కారమని ఆనాడు మీరే వ్రాశారు. మేడారం వెళ్ళి ఆ వాగులో స్నానం చేసి గద్దెల దగ్గరకు నడిచే జనానికి రెండవ పాదం చాలు.

పాకాల: మీ ఇద్దరి పద్యాలూ పేరు వెనుక కథను చెప్పాయి. నేను పాదాన్నే విడగొట్టాను.

ఐనవోలులో మల్లన్న యండ జేరి
మొక్కుకొన్న దంపతులకు ముద్దులొలుకు
పాప పుట్ట మల్లన్నయే పలికె ననిరి;
ఆడ, బిడ్డకు మగపేరె యందమయ్యె.

మెట్టుగుట్ట: స్త్రీ అనే అర్థంలో ‘ఆఁడ’కు అరసున్న ఉంది, అక్కడ అనే ‘ఆడ’కు లేదు. సమస్యను నేను వ్రాసినట్లు వ్రాస్తే ఈ విరుపు నిలవదు.

నిర్వాహకుడు: నేను అరసున్న లేకుండానే ఇచ్చాను కనుక పాకాల వారి విరుపు చెల్లుతుంది. మన ఊళ్ళలో ఆడ, ఈడ అని మాట్లాడుకునే ప్రతి ఇంటికీ ఈ పూరణ చేరుతుంది. మల్లమ్మ, మల్లవ్వ అనే పేర్లు మొక్కుబడితోనే నిలిచిన ప్రాంతంలో నేరుగా మల్లన్న పేరే పాపకు పెట్టిన ఊహ నాకు మిక్కిలి నచ్చింది. ధార విషయంలో మాత్రం ‘వీడె నుసురు’ అన్న పాదానికే నా ఓటు.