పవర్ యాంటెన్నా: కొత్త మాస్ట్ కేబుల్‌ను మోటారు లోపలికి లాక్కోవడం లేదు

పాత కారు. రేడియో వేస్తే యాంటెన్నా దానంతటదే లేచి, ఆపితే ఫెండర్‌లోకి (చక్రం పైనుండే బాడీ రేకు లోపలికి) దిగిపోయే రకం. ఇప్పుడు రేడియో వేస్తే జానెడు లేచి ఆగిపోతుంది. మోటారు మాత్రం సుమారు 10 సెకన్లు తిరుగుతూనే ఉంటుంది, లోపల్నుంచి టకటకమని గేరు పళ్లు జారుతున్న చప్పుడు. రేడియో ఆపినా అదే చప్పుడు, మాస్ట్ (యాంటెన్నా కడ్డీ) కదలదు.

ముందు మాస్ట్‌ను కిరోసిన్ గుడ్డతో తుడిచి పలచటి నూనె రాశాను. చేత్తో లాగితే హాయిగా జరుగుతోంది, కాబట్టి ఇరుకు అక్కడ లేదు. ఫ్యూజు బాగుంది. మల్టీమీటర్‌తో చూస్తే శాశ్వత ఫీడ్ వైరులో 12.4 వోల్టులు, రేడియో నుంచి వచ్చే సిగ్నల్ వైరులో వేసినప్పుడు 12, ఆపితే సున్నా. కరెంటు వైపు అనుమానమేమీ లేదు.

పై నట్ విప్పి, రేడియో వేసి, మాస్ట్ బయటికి లాగాను. మాస్ట్‌ను పైకి నెట్టి కిందికి లాగే పళ్ల నైలాన్ కేబుల్ చివర తెగి ఉంది. కొత్తదాని పక్కన పెడితే బెత్తెడు తక్కువ. ఆ ముక్క లోపలే ఉండిపోయినట్టుంది. కొత్త కేబుల్‌ను పళ్లు గేరు వైపు ఉండేలా దించి, ఒకరితో రేడియో ఆపించి చూశాను. కాస్త పట్టినట్టే పట్టి వదిలేస్తోంది. ఎటు తిప్పి పెట్టినా అంతే.

మొత్తం యూనిట్ దించాలంటే ఫెండర్ లోపలి లైనర్ విప్పాలి, అక్కడి బోల్టులు తుప్పుపట్టి ఉన్నాయి. అందుకే వెనకాడుతున్నాను.

డ్రమ్ములో (మోటారు పక్కన కేబుల్ చుట్టుకునే చోట) మిగిలిన ఆ కేబుల్ ముక్కను యూనిట్ దించకుండా పైనుంచే తీసే పద్ధతి ఏదైనా ఉందా?