‘ఓ యమ్మ నీ కుమారుడు’ పద్యంలో మననీడా, మిగలనీడా?

ల్యాబు మాస్టారు: డిగ్రీ పిల్లలకి సూక్ష్మజీవుల వర్ధనం పాఠం రాస్తున్నా, పెరుగు తోడుతో మొదలెడదామని. పోతన గారి పద్యం ఒకటి నోట్లో నానుతోంది గానీ పూర్తిగా రావట్లేదు, ‘మా యిండ్లను పాలు పెరుగు ... డమ్మా’, మధ్యలో మననీడా మిగలనీడా? మననీడు అయితే నాకు పండగే, మను అంటే బతకడం కదా, పెరుగు బతికున్న సరుకని పోతనే చెప్పినట్టు!

కందపద్యం: మననీడే. పాదం మొదట్లో మా ఉంది, యతికి మ కుదురుతుంది, మి కుదరదు. పైగా ‘మిగలనీ’ అంటే అయిదు మాత్రలు, కందంలో ఎక్కడ ఇరికిస్తారు? అన్నట్టు అది ‘బాలుఁ బెరుగు’, పాలు కాదు.

మెతుకుసీమ: పాదం సరే, అర్థం కాడ ఆగున్రి. మను అంటే బతుకుడే కాదు, ఉండుడు, నిలుచుడు కూడ. కుండల నిలువనియ్యడు, అంతా తాగేస్తడు అని గొల్లభామల మొర. ఇందుల మీ క్రిములెక్కడియి సారూ?

ల్యాబు మాస్టారు: ఉన్నాయండీ, మొర పెట్టుకోలేదంతే. తోడులో లాక్టోకాకస్, లాక్టోబాసిల్లస్ లాంటి బాక్టీరియా ఉంటాయి, అవి ఎంజైములతో పాలలోని చక్కెర లాక్టోజుని విరగ్గొట్టి లాక్టిక్ ఆమ్లం చేస్తాయి, పాలు పులిసి పీహెచ్ 4.6 దగ్గరికి దిగేసరికి కేసీన్ అనే పాల ప్రొటీను గడ్డకడుతుంది. గోరువెచ్చగా ఉన్నప్పుడే తోడెయ్యాలి, మరిగే పాలలో వేస్తే అవి మనవు. పాఠంలో ఇదే వాక్యం పెడుతున్నా.

గోదారోడు: మేం తోడనం, చేమిరి అంటాం. అయినా పోతన దాకా ఎందుకండీ, పెరుగు అన్న మాటలోనే ఉందిగా మొత్తం, క్రిములు పెరుగుతాయి కాబట్టి పెరుగు 😀

కందపద్యం: ఇదెక్కడి చోద్యం! పేరుకునేది కాబట్టి పెరుగు, నా లెక్క ఇదే. పాలు పేరబెట్టడం అంటాం, పేరిన నెయ్యి అంటాం. నేతిలో ఏ క్రిమి పెరిగిందట?

ల్యాబు మాస్టారు: మరి ల్యాబులో క్రిముల్ని పెంచే జెల్లీ, అగర్ సంగతేంటి? సముద్రపు నాచులోంచి తీస్తారు, 85 డిగ్రీల దగ్గర కరిగి 40 కిందకి దిగాక పేరుతుంది, పేరాకే దానిమీద క్రిములు పెరుగుతాయి, మీ ఇద్దరి మాటా చెల్లింది. అంతకుముందు క్షయ క్రిమిని కనిపెట్టిన రాబర్ట్ కోఖ్ ల్యాబులో జెలటిన్ వాడేవాళ్ళు, 37 డిగ్రీల్లో పెడితే నీరుగారిపోయేది, దానికి తోడు కొన్ని బాక్టీరియా జెలటినేజ్ అనే ఎంజైముతో దాన్నే తినేసేవి. జెల్లీలకి వాడే అగర్‌ని ల్యాబుకి చేర్చింది ఫానీ హెస్సె, అక్కడ పనిచేసిన వాల్తర్ హెస్సె భార్య. 1882 క్షయ వ్యాసంలో కోఖ్ అగర్ పేరెత్తాడు గానీ ఆవిడ పేరెత్తలేదు.

కందపద్యం: అవన్నీ సరే, నాలుగో పాదం చూశారా, ‘మా యన్నల సురభులాన’! ఆవుల మీద ఒట్టేసి ఊరొదిలి పోతామంటున్నారు. ఆవుల మీద ఒట్టు వేయించడం పోతనకే చెల్లింది. ఒంటిమిట్టలో ఎన్ని మందలు చూసుంటే రాశాడో.

మెతుకుసీమ: ఒంటిమిట్టనా? బమ్మెర అన్నా, బమ్మెర! ఇంటిపేర్లనే ఉండె.

గోదారోడు: అయిపోయింది, ఇక రాత్రంతా ఇదే.

ల్యాబు మాస్టారు: ఇంతకీ ‘మనవు’ అని ఉంచమంటారా?

మెతుకుసీమ: ఉంచకున్రి సారూ. పోరలు దాన్ని ‘మనవి’ అని దిద్దుకుంటరు. సచ్చిపోతయి అని రాయున్రి.

కందపద్యం: యతి పోయింది.