రికవరీ బాయిలర్ కింది ట్యూబులు: కాంపోజిట్ వెయ్యాలా, స్ప్రే చాలా?

రాయగడ ఫిట్టర్:
ఈసారి షట్‌డౌన్‌లో మందం కొలిస్తే, మా కాగితం మిల్లు రికవరీ బాయిలర్‌లో (గుజ్జు ఉడికించగా మిగిలిన నల్ల లిక్కర్‌ని కాల్చేది) ప్రైమరీ ఎయిర్ పోర్టుల (కింద గాలి పంపే రంధ్రాల) చుట్టూ ట్యూబులు బాగా అరిగాయని తేలింది. మామూలు కార్బన్ స్టీలు, పైన మెటల్ స్ప్రే (కరిగించి చిమ్మిన లోహపు పూత). కింది భాగం మొత్తం కాంపోజిట్‌కి (కార్బన్ స్టీలు మీద స్టెయిన్‌లెస్ తొడుగున్న ట్యూబులకి) మార్చాలని నా వాదన. మళ్లీ స్ప్రే కొట్టి నడపమంటున్నారు పైవాళ్లు. రాత్రి షిఫ్టులో దాని పక్కన నిలబడేది మావాళ్లే. మీరేమంటారు?

బల్లార్‌పూర్ పాత ఆపరేటర్:
తమ్ముడూ, ముందు డ్రమ్ ప్రెజర్ (బాయిలర్‌లో ఆవిరి ఒత్తిడి) ఎంతో చెప్పు. కింద గాలి తక్కువ ఇస్తాం కాబట్టి హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది, అది ఇనుమును తింటుంది. ఎంత జోరుగా తింటుందన్నది ట్యూబు వేడిని బట్టే. 310 డిగ్రీలు దాటితే కార్బన్ స్టీలు నిలవదు. 85 బార్ దగ్గర నీళ్లు మరిగేదే 300 డిగ్రీల దగ్గర, ట్యూబు గోడ అంతకన్నా వేడిగా ఉంటుంది, అక్కడ కాంపోజిట్ తప్పదు. 45 బార్‌కి సుమారు 258 డిగ్రీలే. స్ప్రే సరిగ్గా కొడితే చాలు.

కాంపోజిట్‌కీ జబ్బులున్నాయి. పోర్టుల దగ్గర, ఫ్లోర్ మీద 304ఎల్ స్టెయిన్‌లెస్ తొడుగు బీటలిస్తుంది. ఫ్లోర్ చల్లారకముందే నీళ్లతో కడిగితే, తడిసిన సల్ఫైడ్ దాన్ని చీలుస్తుంది. మందం కొలిచే మీటరుకు ఆ బీట కనపడదు, డీపీ టెస్టు (బీటలోకి రంగు ఇంకించి చూసేది) చెయ్యాల్సిందే.

రాయగడ ఫిట్టర్:
మాది 45 బారే అన్నా. అయితే ఇంత అరుగుదల ఎందుకు?

జయపురం నీటి ల్యాబ్:
అందరూ మంట వైపే చూస్తున్నారండి. ట్యూబు లోపల స్కేలు (నీటి గార) పేరుకుంటే వేడి నీటికి చేరదు, ట్యూబు గోడే కాలుతుంది. అప్పుడు 45 బార్ లెక్క పనికిరాదు. బాగా అరిగిన చోట ఒక ముక్క కోయించి లోపల చూడండి. లిక్కర్‌ని చిక్కబరిచే ఎవాపరేటర్ నుంచి బాయిలర్‌కి తిరిగొచ్చే కండెన్సేట్‌లోకి (ఆవిరి చల్లారిన నీటిలోకి) లిక్కర్ కలుస్తోందేమో కూడా చూడండి. స్కేలుంటే యాసిడ్ క్లీనింగ్ చెయ్యకుండా కొత్త ట్యూబులు వేసినా డబ్బు దండగే.

బల్లార్‌పూర్ పాత ఆపరేటర్:
ఆ మాట నిజం, ఒప్పుకుంటున్నాను. ముక్క చూడకుండా స్ప్రే చాలని నేను అనకూడదు. ఒక్కటి మాత్రం పట్టుబట్టు తమ్ముడూ. ఫర్నేస్‌లో లీకు అనుమానం వస్తే "షట్‌డౌన్ దాకా లాగుదాం" అన్న మాట వినొద్దు. 850 డిగ్రీల స్మెల్ట్‌లో (లిక్కర్ కాలగా అడుగున మిగిలే కరిగిన లవణాల్లో) నీళ్లు పడితే పేలుడే. అందరినీ బయటికి పంపి, బాయిలర్ ట్యూబుల్లోని నీళ్లు ఫ్లోర్ పైన 8 అడుగుల మట్టానికి దిగేదాకా బయటికి వదిలెయ్యాలి. ఆ నీళ్లు వదిలే వాల్వులు తిరుగుతున్నాయో లేదో ఈ షట్‌డౌన్‌లోనే చూసుకో.

రాయగడ ఫిట్టర్:
రేపు పొద్దున్నే ముక్క కోయిస్తున్నాం. ఫొటో పెడతాను. స్ప్రే కాంట్రాక్టరును అప్పటిదాకా ఆపమని రాసిచ్చాను.