ఇండియా గేట్ కింద జ్యోతి తీసేయడం సబబేనా?

కృష్ణలంక_కుర్రాడు:
మొన్న ఢిల్లీలో ఇండియా గేట్, దాని పక్కనే ఉన్న నేషనల్ వార్ మెమోరియల్ రెండూ చూశాను. 1972 నుంచి గేటు కింద వెలిగిన అమర్ జవాన్ జ్యోతిని 2022 జనవరి 21న కొత్త స్మారకం జ్యోతిలో కలిపేశారు కదా, గేటు దగ్గర ఏదో వెలితిగా అనిపించింది. మీరేమంటారు?

సూటిమాట:
సబబే. జ్యోతి పెట్టింది 1971 యుద్ధంలో పోయినవాళ్ళ కోసం. గేటు రాళ్ళ మీద వాళ్ళ పేరు ఒక్కటీ లేదు, ఉన్నవన్నీ బ్రిటిష్ వాడి సైన్యంలో చనిపోయినవాళ్ళవి. 2019లో తెరిచిన కొత్త స్మారకంలో స్వాతంత్ర్యం తర్వాత పోయిన దాదాపు 26 వేల మంది పేర్లు చెక్కారు. పేరున్న చోటే జ్యోతి ఉండాలి. ఇందులో చర్చేముంది?

మాధవరం_అల్లుడు:
ఉందండీ. మా అత్తగారిది తాడేపల్లిగూడెం దగ్గర మిలటరీ మాధవరం. మా ఆవిడ ముత్తాత మొదటి ప్రపంచ యుద్ధంలో ఇరాక్‌లోని బస్రా వైపు వెళ్ళి తిరిగి రాలేదు. బస్రా స్మారకం మీద ఆఫీసర్ల పేర్లు చెక్కి, మన సిపాయిలను ఫలానా రెజిమెంట్‌లో ఇంతమంది అని అంకెల్లో లెక్క వేశారు. అంటే పేరున్న చోటు ఆయనకి ఎక్కడా లేదు. 70 వేల మందికి పైగా చనిపోతే ఇండియా గేట్ మీద కూడా కనిపించేవి 13 వేల చిల్లర పేర్లే. మీ లెక్కన ఆయనకి దీపం ఎక్కడ పెట్టాలి?

టోలీచౌకి_నవాబు:
ఢిల్లీ తీన్‌మూర్తి చౌక్‌లో ఉన్న మూడు సైనికుల విగ్రహాల్లో ఒకటి మన హైదరాబాద్ లాన్సర్స్‌ది, అంటే సంస్థానం అశ్వికదళానిది. 1918లో బ్రిటిష్ వాళ్ళ తరఫున హైఫాని (ఇప్పుడు ఇజ్రాయెల్‌లో ఉంది) పట్టుకున్నారని 2018లో ఆ చౌక్‌కి హైఫా పేరు కలిపారు. అప్పుడు బ్రిటిష్ సైన్యం అని గుర్తురాలేదా?

సూటిమాట:
హైఫా మీద దాడి చేసింది జోధ్‌పూర్, మైసూర్ లాన్సర్లు. హైదరాబాద్ వాళ్ళు అదే బ్రిగేడ్ గానీ ఆ దాడిలో లేరు. ముందు చరిత్ర సరిగ్గా చదవండి.

టోలీచౌకి_నవాబు:
అడిగిందానికి జవాబు చెప్పకుండా బ్రిగేడ్ లెక్క చెప్తారేంటి భాయ్?

బీచ్‌రోడ్డు:
విశాఖలో 1971 యుద్ధ స్మారకం విక్టరీ ఎట్ సీ దగ్గర ఆగి ఆ రాత చదివినవాడిని ఒక్కణ్ణి చూపించండి. అందరూ మొక్కజొన్న పొత్తు, సెల్ఫీ. జ్యోతి ఎక్కడుంటే ఏంటి.

పల్నాడు_అక్క:
మా తమ్ముడు శిక్షణలో ప్రమాదం జరిగి పోయాడు. పెట్టె ఊరికొచ్చిన రోజు నాయకులందరూ దండలతో వచ్చి స్కూలు ముందు విగ్రహం పెడతామన్నారు. తర్వాత ఫోన్ ఎత్తినవాడు లేడు. కాగితాల్లో వాడు 'ఫిజికల్ క్యాజువాల్టీ', అంటే యుద్ధంలో పోయినట్టు కాదు, కాబట్టి ఢిల్లీ గోడ మీదా పేరు లేదు. చివరికి మా నాన్నే ఎకరం అమ్మి విగ్రహం పెట్టించాడు. మీరేమో జ్యోతి జరిపారని బాధపడుతున్నారు.

సూటిమాట:
మీ బాధ అర్థమైందమ్మా. కానీ ప్రమాదాన్నీ యుద్ధాన్నీ ఒకే గోడ మీద రాస్తే ఇక అమరుడు అన్న మాటకి విలువేముంటుంది?

పల్నాడు_అక్క:
విలువా? మా అమ్మని అడిగి చెప్పు. యూనిఫాంలో వెళ్ళినవాడు పెట్టెలో వస్తే ఎలా పోయాడో చూసి ఏడవాలా?

మాధవరం_అల్లుడు:
సూటిమాట గారూ, మీకు అసలు కోపం ఎవరి మీద? బ్రిటిష్ వాళ్ళ మీదా, ఈ సిపాయిల మీదా?

సూటిమాట:
చెప్తా వినండి. మా తాత 1942లో క్విట్ ఇండియాలో జైలుకెళ్ళాడు. ఆయన్ని కొట్టినవాడు తెల్లవాడు కాదు, మనవాడే, తెల్లవాడి యూనిఫాంలో ఉన్నాడు. జలియన్‌వాలాబాగ్‌లో తుపాకులు పేల్చింది కూడా ఆ సైన్యమే. ఆ యూనిఫాంకి నన్ను దణ్ణం పెట్టమంటే పెట్టను. 1971లో పోయినవాళ్ళు దేశం కోసం పోయారు. వీళ్ళు జీతం కోసం పోయారు.

మాధవరం_అల్లుడు:
జీతం కోసమే వెళ్ళారు. ఇవాళ మాధవరంలో కుర్రాళ్ళు వెళ్ళేదీ మొదట ఉద్యోగం కోసమే, తర్వాతే మిగతావన్నీ. అది తప్పైతే మీ 26 వేల మందిలో ఎంతమందిని చెరిపేస్తారు? నేను పెట్టే దణ్ణం యూనిఫాంకి కాదు, మా ఇంటి మనిషికి. మీరు కారణం మంచిదా కాదా చూసి పెడతానంటున్నారు. మనిద్దరికీ ఇక్కడే కుదరదు.

సూటిమాట:
కుదరదు. స్మారకం కట్టేది దేశం, ఇల్లు కాదు. దేశం కారణం చూడాల్సిందే.

కృష్ణలంక_కుర్రాడు:
అల్లుడు గారూ, రెండు ప్రపంచ యుద్ధాల్లో పోయిన బ్రిటిష్, కామన్‌వెల్త్ సైనికుల వివరాలు ఉంచే కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ సైట్‌లో పేరు కొట్టి వెతకొచ్చు. ఇంగ్లీషు స్పెల్లింగ్ రకరకాలుగా మార్చి చూడండి, మన పేర్లు వాళ్ళు ఇష్టమొచ్చినట్టు రాశారు.

మాధవరం_అల్లుడు:
థాంక్స్ తమ్ముడూ. ఇంటిపేరు ముందా వెనకా అన్నది కూడా తెలీదు, మామయ్యని అడిగి చూస్తా.

పల్నాడు_అక్క:
మా తమ్ముడి లాంటి వాళ్ళ పేర్లు వెతకడానికి కూడా సైట్ ఏదైనా ఉంటే చెప్పండి ఎవరైనా.