క్వార్టర్‌బ్యాక్‌ని ఏ-బ్యాక్‌గా మారిస్తే వెనక్కి నెట్టినట్టేనా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మేముండేది అట్లాంటా దగ్గర. మా అబ్బాయి హైస్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్‌లో క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి ముందుగా అందుకుని ఆట నడిపించేవాడు. వాళ్లది ట్రిపుల్ ఆప్షన్ ఆట: బంతిని వెనకాలే ఉండే బి-బ్యాక్‌కి ఇవ్వాలా, తనే పట్టుకుని పరుగెత్తాలా, పక్కన పరుగెత్తే ఏ-బ్యాక్‌కి విసరాలా అని క్వార్టర్‌బ్యాక్ అప్పటికప్పుడు తేల్చుకోవాలి. వచ్చే సీజన్‌లో ఏ-బ్యాక్‌గా ఆడుతూ రెండో క్వార్టర్‌బ్యాక్‌గా కూడా ఉండమని కోచ్ అన్నారట. వాడు అన్నం కూడా సరిగ్గా తినడం లేదు. ఒప్పుకోమనాలా, వేరే స్కూల్ చూడాలా? కాలేజీల్లో ఇలా మారినవాళ్లు మళ్లీ క్వార్టర్‌బ్యాక్ అయ్యారా?

జవాబు:
టెన్షన్ పడకండి అన్నా. మీ ఊళ్లోనే ఉన్నారు అలాంటివాళ్లు. జార్జియా టెక్ యూనివర్సిటీ టీమ్‌లో టాక్వాన్ మార్షల్ 2016లో ఏ-బ్యాక్. 2017లో క్వార్టర్‌బ్యాక్ అయ్యి, మొదటి మ్యాచ్‌లోనే టెనెసీ మీద 249 గజాలు పరుగెత్తాడు, 5 టచ్‌డౌన్లు (బంతిని ఎదుటివాళ్ల గీత దాటించడం) చేశాడు. సింజిన్ డేస్ అయితే క్వార్టర్‌బ్యాక్‌గా వచ్చి, ఏ-బ్యాక్ అయ్యి, 2014లో బి-బ్యాక్‌గా స్థిరపడ్డాడు. ఆ సీజన్ చివర్లో జరిగే పెద్ద మ్యాచ్ ఆరెంజ్ బౌల్‌లో మిసిసిపీ స్టేట్ మీద 171 గజాలు అతనివే.

ఇంకొకరి జవాబు:
గెలిచిన కథలే చెబితే ఎలా? నేవీలో, అంటే అమెరికా నౌకాదళ అకాడమీ టీమ్‌లో, మాల్కమ్ పెర్రీని చూడండి. 2018లో క్వార్టర్‌బ్యాక్‌గా మొదలుపెట్టించి, మధ్యలో మళ్లీ స్లాట్‌కి (ఏ-బ్యాక్‌కి వాళ్ల పేరు) పంపారు. టీమ్ 3 గెలిచి 10 ఓడింది. 2019లో క్వార్టర్‌బ్యాక్‌గానే కుదురుగా ఉంచితే 2,017 గజాలు పరుగెత్తాడు, టీమ్ 11 గెలిచింది. తేడా అంతా అతని వల్లే అనను, కానీ అటూ ఇటూ తిప్పడం ఈ ఆటకి మంచిది కాదు. క్వార్టర్‌బ్యాక్ బంతిని బి-బ్యాక్ పొట్ట దగ్గర పెట్టి, చేయి తీయకుండానే, తన టీమ్ కావాలనే అడ్డుకోకుండా వదిలేసిన ఎదుటి టీమ్ డిఫెండర్‌ని చూడాలి. వాడు బి-బ్యాక్ మీదకి వస్తే బంతి లాగేసుకోవాలి, రాకపోతే ఇచ్చేయాలి. లాక్కున్నాక ఇంకో డిఫెండర్ మీదకి పరుగెత్తి, వాడు తన మీదకి వస్తే ఏ-బ్యాక్‌కి పిచ్ చేయాలి, అంటే బంతిని పక్కకి విసరాలి. రోజూ చేస్తేనే చేతికి పట్టుబడే పని ఇది.

మొదటి జవాబు ఇచ్చినవారు:
ఆ మాట నిజమే. అయితే ఈ ఆటలో రెండో క్వార్టర్‌బ్యాక్ అంటే పేరుకి ఉండేవాడు కాదండీ. పిచ్ చేసినా సరే దెబ్బ తగులుతూనే ఉంటుంది. 2016లో నేవీకి ఏమైంది? టేగో స్మిత్‌కి మొదటి మ్యాచ్‌లోనే మోకాలు పోయింది. విల్ వర్త్ వచ్చి సీజన్ అంతా లాక్కొచ్చాడు. డిసెంబర్‌లో టెంపుల్ యూనివర్సిటీతో ఆడుతూ అతనికీ పాదం విరిగింది. వారానికే ఆర్మీ (సైనిక అకాడమీ టీమ్) మీద జాక్ ఏబీ మొదటిసారి మెయిన్ క్వార్టర్‌బ్యాక్‌గా మ్యాచ్ మొదలుపెట్టాల్సి వచ్చింది. ఆర్మీ మీద 14 ఏళ్లుగా గెలుస్తున్న నేవీ 21-17తో ఓడిపోయింది. మూడోవాడిదాకా సిద్ధంగా ఉండాల్సిన ఆట ఇది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ థాంక్స్. మరి కోచ్‌ని ఏమడగాలి?

రెండో జవాబు ఇచ్చినవారు:
ఒక్కటే అడగండి సార్: వారంలో ఎన్ని రోజులు మెయిన్ బి-బ్యాక్‌తో కలిపి క్వార్టర్‌బ్యాక్ ప్రాక్టీస్ చేయిస్తారు? రోజులు చెబితే ఒప్పుకోండి. ఏ-బ్యాక్‌గా ఆడితే పిచ్ అందుకోవడానికి ఎంత ఎడంగా పరుగెత్తాలో వాడికే తెలుస్తుంది, రేపు తను పిచ్ చేసేటప్పుడు పనికొస్తుంది. "అప్పుడు చూద్దాంలే" అంటే మాత్రం ఆ రెండో క్వార్టర్‌బ్యాక్ మాటని నమ్ముకోకండి. ఇంకో సంగతి, ఈ మాట మీరు కాదు, అబ్బాయే వెళ్లి అడగాలి. కోచ్‌లు పిల్లవాడు అడిగితే చెప్పినంత వివరంగా మనకి చెప్పరు.