‘సవరణ’ అంటే తప్పు దిద్దడమేనా?

మా అమ్మాయి పదో తరగతి. నిన్న రాత్రి సోషల్ చదువుతూ అడిగింది: “నాన్నా, 61వ రాజ్యాంగ సవరణతో ఓటు వయసు 21 నుంచి 18కి తగ్గించారట. సవరణ అంటే తప్పు దిద్దడం కదా? మరి 21 అని రాసినవాళ్లది తప్పా?” నాకు జవాబు తట్టలేదు. పేపర్లో నిన్న తప్పుపడిన పేరును ఇవాళ సరిచేస్తూ వేసే చిన్న బాక్సు పైన కూడా ‘సవరణ’ అనే ఉంటుంది మరి. పెద్దలు చెప్పండి.

రిటైర్డ్ తెలుగు మాస్టారు: గొంతు సవరించుకుని పాట ఎత్తుకుంటాం. గొంతు తప్పు చేసిందనా? గాలికి రేగిన జుట్టు సవరించుకుంటాం, పైట సవరించుకుంటాం. ఉన్నదాన్ని పొందికగా అమర్చుకోవడం అది. తప్పు దిద్దడం దాని అర్థాల్లో ఒకటి, అంతే. 1950లో 21 చాలనుకున్నారు, 1989 వచ్చేసరికి గాలి మారింది.

హోసూరు సభ్యుడు: తమిళంలో ‘తిరుత్తం’, కన్నడంలో ‘తిద్దుపడి’ అంటారండీ. రెండూ మన ‘దిద్దు’కి అన్నదమ్ములే. వాటిలో ఎర్రసిరా వాసన కాస్త ఎక్కువ. మరాఠీ ఇంకా తమాషా. అక్కడ రాజ్యాంగం ‘ఘటన’, సవరణ ‘దురుస్తీ’. ‘ఘటనా దురుస్తీ’ అని చదివితే ఎక్కడో ప్రమాదం జరిగి రోడ్డు బాగుచేస్తున్నారేమో అనిపిస్తుంది మనకి :)

మాస్టారు: ‘దిద్దు’ని మరీ ఎర్రసిరాకి కట్టేయకండి బాబూ. బొట్టు దిద్దుతాం, ఓనమాలు దిద్దుతాం. అక్కడ తప్పెక్కడుంది?

లాయరు సభ్యురాలు: ఈ మాట మీద సుప్రీంకోర్టులోనే పెద్ద వాదన నడిచింది. 1973, కేశవానంద భారతి కేసు, 13 మంది జడ్జీలు, 7–6 తీర్పు. ఎంత మార్చినా పాత రాజ్యాంగం తన గుర్తింపు పోగొట్టుకోకుండా మిగలాలి, అప్పుడే అది సవరణ అన్నారు జస్టిస్ ఖన్నా. మాస్టారి జుట్టు లెక్కలోనే చెప్పాలంటే, దువ్వుకోవచ్చు, కత్తిరించుకోవచ్చు. గుండు కొట్టించుకుని ‘జుట్టు సవరించుకున్నా’ అంటే ఎవరూ ఒప్పుకోరు.

పోస్టు పెట్టినాయన: మరి ఆస్తి హక్కో మేడమ్? 1978లో 44వ సవరణ దాన్ని ప్రాథమిక హక్కుల్లోంచి తీసేసింది కదా.

లాయరు సభ్యురాలు: తీసి 300ఎ అధికరణంలో పెట్టారు, ప్రాథమిక హక్కు హోదా పోయింది. చేర్చడం, మార్చడం, తీసేయడం మూడూ సవరణే అని 1971లో 24వ సవరణ, రాజ్యాంగాన్ని ఎలా సవరించాలో చెప్పే 368వ అధికరణంలో రాసిపెట్టింది కూడా. నాకు చిక్కల్లా అక్షరం కదలకుండా అర్థం పెరిగినప్పుడే. 21వ అధికరణంలో ‘గోప్యత’ అన్న మాటే లేదు. 2017లో తొమ్మిది మంది జడ్జీలూ ఒక్కమాటగా అది ప్రాథమిక హక్కే, జీవించే హక్కులో భాగమే అన్నారు. ఆధార్ మీద వచ్చిన కేసులోంచి పుట్టిన తీర్పది. దీన్ని సవరణ అనలేం. ఏమనాలి?

మాస్టారు: వ్యాఖ్యానం అనండి. పద్యం ఒకటే, ఒక్కో తరం ఒక్కో టీక రాస్తుంది.

పోస్టు పెట్టినాయన: అమ్మాయికి అన్నీ చదివి వినిపించాను. “అయితే నిజంగా తప్పు దిద్దిన సవరణ ఒక్కటీ లేదా?” అంది. 2011 నాటి 96వ సవరణ చూపించాను. రాజ్యాంగంలో భాషల జాబితా ఉండే ఎనిమిదో షెడ్యూలులో ‘ఒరియా’ని ‘ఒడియా’గా మార్చిందది. “ఇది మాత్రం పేపర్ బాక్సే” అని నవ్వింది.