యాత్కోసోతా: కొనసాగింపు యుద్ధమా, మలిదశ యుద్ధమా?

మొన్న మన గుంపులో ఒక తమ్ముడు, ఫిన్లాండ్ యుద్ధ సినిమాకి తెలుగు సబ్‌టైటిల్స్ రాస్తున్నా, 'యాత్కోసోతా' (1941-44లో సోవియట్‌తో చేసిన రెండో యుద్ధానికి ఫిన్లాండ్ వాళ్ళు పెట్టుకున్న పేరు) అన్నదానికి ఏం పెట్టమంటారు అని అడిగాడు. సాయంత్రానికల్లా కొనసాగింపు యుద్ధం, తరువాయి యుద్ధం, మలిదశ యుద్ధం, ఉత్తర యుద్ధం, అనుబంధ యుద్ధం అని మాటలు కుప్పపడ్డాయి. ఒక మాస్టారు 'సశేష సమరం' అన్నారు. వినడానికి దివ్యంగా ఉంది మాస్టారూ, కానీ ఆ పేరు చూసి జనం పౌరాణికం అనుకుని వస్తారు. 'ఉత్తర' అన్నవాళ్ళది ఉత్తరకాండలో ఉత్తర అని అర్థమైంది, అయితే మ్యాపులో పైకొసన ఉన్న దేశం గురించి చెబుతూ ఉత్తర యుద్ధం అంటే ఎవరైనా దిక్కనే అనుకుంటారు కదా. కామెంట్లో ఇమడదని విడిగా రాస్తున్నాను.

'సోతా' అంటే యుద్ధం. ఇందులో పేచీ లేదు. 'యాత్కో' పండితుల మాటేం కాదు, ఇంట్లో రోజూ వాడేదే. ప్లగ్ అందకపోతే తగిలించే ఎక్స్‌టెన్షన్ వైరు 'యాత్కోయోహ్తో'. ఐస్ హాకీలో స్కోరు సమమైతే ఆడించే అదనపు సమయం 'యాత్కోఐకా'. పార్టీ అయ్యాక అక్కడితో ఆగకుండా ఇంకోచోట చేరితే అది 'యాత్కోత్'. అంటే ఉన్నదానికే ఇంకో ముక్క తగిలించడం తప్ప కొత్తది మొదలుపెట్టడం కాదు. తకరారంతా ఇక్కడే ఉంది.

దేనికి తగిలించారు? 'తాల్విసోతా'కి, అంటే చలికాలపు యుద్ధానికి. 1939 నవంబరు 30న సోవియట్ సైన్యం ఫిన్లాండ్ మీద దండెత్తింది. 105 రోజులు సాగి, 1940 మార్చి 13న ఫిన్లాండ్ టైము ప్రకారం పొద్దున 11 గంటలకి కాల్పులు ఆగాయి. ఎవరు ఎవరి మీదికొచ్చారన్న అనుమానం ఎవరికీ లేదు, నానాజాతి సమితి (లీగ్ ఆఫ్ నేషన్స్) ఆ డిసెంబరులోనే సోవియట్ యూనియన్‌ని బయటికి పంపేసింది. దేశం స్వతంత్రంగా మిగిలింది గానీ కరేలియా ప్రాంతంలో పెద్ద ముక్క పోయింది, 4 లక్షల మందికి పైగా జనం గొడ్డూ గోదా వదిలేసి, లేదా తోలుకుని, పడమటికి నడిచారు. ఈ యుద్ధం మీద 1989లో పెక్కా పారిక్కా తీసిన 'తాల్విసోతా', సరిగ్గా 50 ఏళ్ళు నిండిన రోజున, నవంబరు 30న విడుదలైంది. మూడు గంటలు దాటి నడుస్తుంది. కథ ఎక్కువ భాగం కరేలియాలో తైపలె అనే చోట కందకాల్లో. ఫిన్లాండ్ సైన్యంలో దళాల్ని ప్రాంతాలవారీగా కట్టేవాళ్ళు కాబట్టి, ఇందులో కనిపించేవాళ్ళంతా పడమటి ప్రాంతపు పల్లెల రైతులు, ఒకే చుట్టుపక్కలవాళ్ళు, అన్నదమ్ములు కూడా. పక్కన పడిపోయినవాడు ఎవడో అనామకుడు కాదు, వాడి అమ్మకి ఏం చెప్పాలో ఇవతలివాడికి తెలుసు. శవాల్ని సొంతూరి చర్చికి చేర్చి పాతిపెట్టడం ఆ యుద్ధంలో నిజంగా పాటించిన పద్ధతి. ఈ సినిమాకి పేరుతో ఇబ్బంది లేదు. చలికాలంలో జరిగింది, చలికాలపు యుద్ధం, అంతే.

ఇబ్బందంతా రెండోదానితో. 1941 జూన్ 22న హిట్లర్ సోవియట్ మీద పడ్డాడు, అప్పటికే ఫిన్లాండ్ ఉత్తర కొసన ఉన్న లాప్‌లాండ్‌లో జర్మన్ సైన్యం దిగి ఉంది. 25న సోవియట్ విమానాలు ఫిన్లాండ్ ఊళ్ళ మీద బాంబులేశాయి, అదే రోజు ప్రధాని రాంగెల్ మనం యుద్ధంలో ఉన్నామని పార్లమెంటుకి చెప్పాడు. ఫిన్లాండ్ వాళ్ళ వాదన ఏమిటంటే, ఇది జర్మనీ యుద్ధం కాదు, మాదే, మొన్నటిదే, మా నేల మేం తెచ్చుకుంటున్నాం. ఆ వాదనని ఒక్క మాటలో కుక్కితే వచ్చింది యాత్కోసోతా. యుద్ధం మొదలైన కొద్దికాలానికే వాడుకలో పడింది. అంటే ఇది సంఘటనకి పెట్టిన పేరు మాత్రమే కాదు, కోర్టులో వేసిన వకాల్తా లాంటిది.

సరే, పోయిన నేల తెచ్చుకున్నారు. అక్కడ ఆగారా? ఆగలేదు. 1939 నాటి సరిహద్దు దాటి తూర్పు కరేలియాలోకి, అంటే ఫిన్లాండ్ రాజ్యంలో ఎప్పుడూ లేని నేల మీదికి పోయారు. పెత్రొజవోద్‌స్క్ పట్టణాన్ని అక్టోబరు 1న పట్టుకుని, పేరు మార్చి ఆనిస్‌లిన్నా అన్నారు. అక్కడి రష్యన్ జనాన్ని ముళ్ళకంచెల శిబిరాల్లో పెట్టారు, 4 వేల మందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది 1942లో, ఆకలితో, రోగాలతో. పాత సరిహద్దు దగ్గర ఇక ముందుకు రామని మొరాయించిన ఫిన్నిష్ సైనికులు కూడా ఉన్నారు, అది మర్చిపోకూడదు. సొంత సైనికుడికే కొనసాగింపు అనిపించనిదాన్ని మనం కళ్ళు మూసుకుని కొనసాగింపు అనేస్తే ఎలా?

ఇక్కడ మన దేశానికి సంబంధించిన ముక్క ఒకటుంది, చాలామందికి తెలియదు. 1941 డిసెంబరు 6న, సరిగ్గా ఫిన్లాండ్ స్వాతంత్ర్య దినం నాడు, బ్రిటన్ ఆ దేశం మీద యుద్ధం ప్రకటించింది. తర్వాత 1947 ఫిబ్రవరి 10న పారిస్‌లో ఫిన్లాండ్‌తో శాంతి ఒప్పందం రాసుకున్నప్పుడు, ఫిన్లాండ్‌తో యుద్ధంలో ఉన్న దేశాల జాబితాలో ఇండియా పేరు కూడా ఉంది. మనకి స్వాతంత్ర్యం రావడానికి ఆరు నెలల ముందు సంగతి. ఆ ఒప్పందం మొదటి పేజీలోనే ఫిన్లాండ్ హిట్లర్ జర్మనీకి మిత్రదేశమై యుద్ధం చేసిందని రాసి ఉంది. అంటే మన సంతకం ఉన్న కాగితం యాత్కోసోతా వాదనని ఒప్పుకోదు. సోవియట్ వాళ్ళు సరేసరి, వాళ్ళకది మహా దేశభక్తి యుద్ధంలో, అంటే జర్మనీతో చేసిన పెద్ద యుద్ధంలో, ఒక భాగం.

మరి ఫిన్లాండ్ అక్షరాజ్యమా, అంటే జర్మనీ, ఇటలీ, జపాన్ల కూటమిలోదా? ఆ మూడు దేశాల త్రైపాక్షిక ఒప్పందం మీద సంతకం చేయలేదు. జర్మనీ నడిపిన కామింటర్న్ వ్యతిరేక (అంటే కమ్యూనిస్టు వ్యతిరేక) ఒప్పందం మీద మాత్రం 1941 నవంబరు 25న చేసింది. జర్మన్లని వాళ్ళు 'లీత్తొలైనెన్', అంటే మిత్రుడు, అనకుండా 'అసెవెలి' అనేవారు, ఆయుధ సోదరుడు అని. మా అన్నే కానీ మా ఇంటివాడు కాదు అన్నట్టు. ఇలాంటి కప్పిపుచ్చే మాటలు ఆ చరిత్రలో బోలెడు. దీనిమీద చరిత్రకారులు దశాబ్దాలు కొట్టుకున్నారు. ఫిన్లాండ్ వరదలో కొట్టుకుపోయిన దుంగ అన్నది ఒక పక్షం, దానికి 'అయొపూ' సిద్ధాంతం అని పేరు. దుంగ కాదు, తెడ్డు చేతిలో ఉన్న పడవే, ఎటు పోవాలో చూసుకునే పోయింది అన్నది ఇంకో పక్షం. 1987లో మౌనో యొకిపీ రాసిన లావుపాటి పుస్తకం తర్వాత దుంగ వాదన దాదాపు మునిగిపోయింది.

ఇప్పుడు సినిమాలకి వద్దాం. ఈ యుద్ధం మీద అసలైన కథ వైనో లిన్నా 1954లో రాసిన నవల, 'తున్తెమతోన్ సోతిలస్', అనామక సైనికుడు. లిన్నా తాంపెరెలో బట్టల మిల్లు కార్మికుడు, ఎనిమిదో పదాతి రెజిమెంటులో ఆ యుద్ధం చేసి వచ్చినవాడు. దాన్ని మూడుసార్లు తీశారు: 1955లో ఎద్విన్ లైనె, 1985లో రౌని మొల్‌బెరి, 2017లో ఆకు లౌహిమీస్. 1955 నాటిది ఏటా డిసెంబరు 6న టీవీలో వేస్తారు, మనకి పండక్కి మాయాబజార్ లాగా. నవలలో ఆఫీసర్లని చూపించిన తీరు నచ్చక సైన్యం అప్పట్లో సహకరించలేదు, అందుకే యుద్ధకాలంలో తీసిన అసలు ఫిల్ము ముక్కల్ని లైనె మధ్యమధ్య అతికాడు. ఆ అతుకులు కనిపిస్తాయి, నాకైతే అవే బాగుంటాయి.

అందులో రొక్కా అని ఒక పాత్ర. కరేలియా భూసంధివాడు, చలికాలపు యుద్ధం చేసొచ్చినవాడు, ఆ యుద్ధంలో పోయింది అచ్చంగా వాడి పొలమే. వాడికిది నూటికి నూరుపాళ్ళు కొనసాగింపు. అదే మిషన్‌గన్ దళంలో లహ్తినెన్ ఉన్నాడు, కమ్యూనిస్టు భావాలవాడు, వాడికి ఈ యుద్ధంలో దొరల పని తప్ప ఇంకేం కనపడదు. ఒకే కందకంలో కూచున్న ఇద్దరికి ఒకే యుద్ధానికి ఒకే పేరు కుదరదు, లిన్నా గొప్పతనం అదే అని నా అభిప్రాయం. 2017 సినిమాలో రొక్కా ఇంటినీ పొలాన్నీ భార్యనీ చూపించారు, అందువల్ల వాడి పక్షం బలపడింది, కాస్త ఎక్కువే బలపడిందేమో. 1999 నాటి 'రుకాయర్వెన్ తియె' సినిమాలో సైకిళ్ళ మీద పోయే దళం కథ పాత సరిహద్దుకి అవతల జరుగుతుంది. 2007లో వచ్చిన 'తాలి ఇహంతాల 1944' చూస్తే చివరి వేసవి కనిపిస్తుంది. సోవియట్ దాడి విరుచుకుపడింది, జర్మనీ నుంచి ట్యాంకుల్ని పేల్చే ఆయుధాలూ విమానాలూ వచ్చాయి, అందుకు బదులుగా అధ్యక్షుడు ర్యుతి విడిగా సంధి చేసుకోనని జూన్ 26న సొంత పేరుతో మాటిచ్చాడు. ఆగస్టులో ర్యుతి దిగిపోయాడు, సైన్యాధిపతి మన్నర్‌హైమ్ అధ్యక్షుడయ్యాడు, ఆ మాట ర్యుతిది, దేశానిది కాదు అన్నారు. సెప్టెంబరులో కాల్పులు ఆగాయి. ఆ తర్వాత ర్యుతికి పదేళ్ళ జైలు వేశారు, 1949లో క్షమాభిక్ష వచ్చింది. రొక్కా పొలం మళ్ళీ పోయింది, ఈసారి శాశ్వతంగా.

కాబట్టి తమ్ముడూ, నా ఓటు 'కొనసాగింపు యుద్ధం'కే. 'మలిదశ' వినసొంపుగానే ఉంది, తెలంగాణ ఉద్యమం వల్ల మన చెవికి అలవాటైంది కూడా, నాకు వచ్చిన అభ్యంతరం అదే. మలిదశ అనగానే అదే కోరిక, అదే న్యాయం, మధ్యలో విరామం మాత్రమే అని మనం ముందే తీర్పిచ్చేసినట్టు. 'కొనసాగింపు' కొంచెం సర్కారీ వాసన వేస్తుంది, వేయనీ, అది సర్కారు వాదనని మోసే పేరే. చదివినవాడు 'దేనికి కొనసాగింపు?' అని ఒక్క క్షణం ఆగుతాడు, అది మనకి లాభమే. ఇక సైనికుల నోట మాత్రం ఈ మాట ఎక్కడా పెట్టకు, ఉత్త 'యుద్ధం' అనిపించు. కందకంలో ఉన్నవాడు యుద్ధానికి ముందు విశేషణం తగిలించడు.

(కింద అడిగినవాటికి ఇక్కడే జవాబులు.)

యాసల గురించి అడిగిన అక్కకి: అవును, ఆ నవలలో సైనికులు ఎవరి ఊరి ఫిన్నిష్ వాళ్ళు మాట్లాడతారు. రొక్కా తూర్పు యాస, 'నేను, నువ్వు'కి 'మియె, సియె' అంటాడు. హియెతానెన్ నైరుతి మూలవాడు. కొస్కెలా హామె ప్రాంతం, మాటకో రూపాయి ఖర్చవుతుందేమో అన్నట్టుంటాడు. ఆఫీసరు లమ్మియో పుస్తకాల భాష మాట్లాడతాడు, అందరికీ వాడంటే మంట. అలాగని రొక్కాకి శ్రీకాకుళం, హియెతానెన్‌కి చిత్తూరు అని పంచేస్తే కుదరదు, మన సినిమాలు యాస వినగానే నవ్వాలని నేర్పేశాయి, రొక్కా జోకరు కాదు. యాస కన్నా మర్యాద వాచకం పట్టుకోండి. రొక్కా ఎంత పెద్ద ఆఫీసరునైనా ఏకవచనంలోనే పిలుస్తాడు, 'సార్' అనడు. కందకాల దగ్గర నడిచే దారికి అటూ ఇటూ గుండ్రాళ్ళు పేర్చమని లమ్మియో హుకుం జారీ చేస్తే రొక్కా చేయనంటాడు. యుద్ధానికొచ్చాడు గానీ దారికి ముగ్గులెయ్యడానికి రాలేదు కదా. ఆ సీన్లో అటునుంచి 'మీరు', ఇటునుంచి 'నువ్వు' పెడితే చాలు, మిగతా పని తెలుగే చేసేస్తుంది. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌కి ఆ సౌకర్యం లేదు, రెండూ ఒకటే వాళ్ళకి. అందుకే ఇంగ్లీషు మీంచి తర్జుమా చేస్తుంటే ఈ ఒక్కచోట అయినా ఫిన్నిష్ వినండి, 'సియె' వినబడుతుంది.

రొక్కా నిజంగా ఉన్నాడా అని అడిగినవారికి: విల్యం ప్యుల్కాస్ అనే సైనికుడు దానికి మూలం అంటారు, లిన్నా రెజిమెంటువాడే.

ఆ రోజుల్లో ఫిన్లాండ్ చేసిన మూడో యుద్ధం ఏదని అడిగారు ఇంకొకరు. లాప్‌లాండ్ యుద్ధం, 1944 సెప్టెంబరు నుంచి 1945 ఏప్రిల్ దాకా, ఈసారి మొన్నటి ఆయుధ సోదరుల మీదే. వెళ్తూ వెళ్తూ జర్మన్లు ఉత్తరాన ఊళ్ళకి ఊళ్ళు తగలబెట్టారు, రొవనియెమి బూడిదైంది. సరిగ్గా ఆ మలుపులో జరిగే సినిమా ఒకటుంది, ఫిన్నిష్ కాదు, రష్యన్, 2002లో రొగోజ్కిన్ తీసిన 'కుకూష్కా', అంటే కోకిల. ఫిన్నిష్ స్నైపరు, రష్యన్ సైనికుడు, లాప్‌లాండ్ ఆదివాసులైన సామీ తెగ స్త్రీ ఒక గుడిసెలో చేరతారు, ముగ్గురివి మూడు భాషలు, ఒకరి ముక్క ఇంకొకరికి తెలియదు. ఫిన్లాండ్ వాడు తన పేరు చెప్పి నీ పేరేంటని అడిగితే రష్యన్ వాడు మండిపడి 'పొష్యోల్ తి' అంటాడు, మన భాషలో 'పోరా' అన్నమాట. వీళ్ళు అదే వాడి పేరనుకుని సినిమా అయ్యేదాకా 'ప్షోల్తి' అని పిలుస్తారు. ఈ గుంపులో ఉన్నవాళ్ళు ముందు ఇది చూడండి, తర్వాత 1955 నాటిది. తమ్ముడూ, దానికి మాత్రం తెలుగు సబ్‌టైటిల్స్ ఎలా రాయాలో నన్నడక్కు, అందులో ఏ ఇద్దరి మాటలూ కలవకూడదు, మనం రాస్తే ముగ్గురూ తెలుగే మాట్లాడతారు.